ప్రశస్తనవలలు - చదువరి యాశాభంగము

లోకమున విశేషప్రశంసను బడసిన నవల నొకదానిని జదువబూని, సగము ముగియునప్పటికే యుత్సాహము చల్లారి, తుదిపుట చేరునప్పటికి "ఇంతియేనా?" యను ప్రశ్న మాత్రము మిగులుట గ్రంథపఠనాభ్యాసము గలవారికెల్ల ననుభవసిద్ధమే. ఇట్టి సమయమున జదువరులు సామాన్యముగ మూడు మార్గముల నవలంబింతురు. కొందఱు తమకు దోచినదానిని దాచికొని, పదుగురు మెచ్చినదానిని దామును మెచ్చినట్లు నటింతురు. కొందఱు గ్రంథమును, దానిని మెచ్చినవారిని గూడ నొక్కపెట్టున నిందింతురు. మూడవ తెగవా రరుదు. వారు తమ యసంతృప్తికి హేతు వెచ్చట నున్నదో విచారింతురు. విమర్శ యనదగినది యీ మూడవ మార్గముననే పుట్టుచున్నది. ఆశాభంగము సాక్ష్యము వంటిది. సాక్ష్యమును బరీక్షింపక తీర్పు చెప్పుట న్యాయము గాదు. ఆ పరీక్ష యెట్లు జరుగవలెనో ఆంధ్రదేశమున, విశేషించి కడపమండలమున లభించు నుదాహరణములచేతను, ఇటీవల మిక్కిలి ప్రశంస గాంచిన ఐర్లండుదేశపు నవలల చరిత్రచేతను దెలిసికొనవచ్చును.

రాజశేఖరుడు తన కావ్యమీమాంసయందు భావకులను, అనగా గావ్యము నాస్వాదించి గుణదోషముల నెఱుగువారిని, నాలుగు తెగలుగ విభజించెను. అరోచకి యనువానికి సులభముగ నేదియు రుచింపదు. సతృణాభ్యవహారి గింజను గడ్డిని నేకముగ మ్రింగువానివలె నెదుటబడినదాని నెల్ల మెచ్చును. మత్సరి యొరుల గుణమును జూచియు జూడనట్లుండును. తత్త్వాభినివేశి యొక్కడే యున్నదాని నున్నట్లు గ్రహించును. అట్టివాడు వేవురిలో నొకడు దొరకుటయు గష్టమే. అరోచకత్వము సైతము రెండు విధములు. ఒకటి స్వభావసిద్ధము, అది తగరమునందలి నలుపువలె నెన్ని సంస్కారములు చేసినను బోవదు. రెండవది జ్ఞానమువలన బుట్టినది. అది విశిష్టమైన కృతి యెదురైనప్పుడు తొలగి రుచిగ బరిణమించును. సతృణాభ్యవహారిత్వ మన్ననో, ప్రారంభదశయందు సర్వసాధారణము.

ఈ విభాగము కావ్యములకై యేర్పడినదైనను నవలలకును జక్కగ నన్వయించును. నవలాజాతియే రుచింపనివాడు స్వభావారోచకి. ఒకానొక నవలయెడ నతని యసంతృప్తి యా నవలనుగూర్చి యేమియు దెలుపదు. పెక్కు నవలలు చదివి, మేలైనవానిని మెచ్చి, యీ యొక్కదానియెడ మాత్రము విముఖుడైనవాని యరోచకము జ్ఞానజన్యము. దానిని లెక్కకు దేవలసినదే. మెచ్చినవారి విషయముననట్లే. వారిలో సతృణాభ్యవహారు లెందఱు, తత్త్వాభినివేశు లెందఱు అని యడుగక ప్రశంసను సంఖ్యచేత గొలుచుట పొరపాటు.

కడపమండలమున బెన్నాతీరమందలి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతములు పద్యకవిత్వమునకు బ్రసిద్ధికెక్కినవి. రాణాప్రతాపసింహచరిత్రమును రచించిన దుర్భాక రాజశేఖర శతావధానిగారు జమ్మలమడుగున జన్మించిరి. శివభారతకర్త గడియారము వేంకటశేషశాస్త్రిగారు ప్రొద్దుటూరున బండితులై యుండిరి. వీ రిరువురును రాజశేఖర వేంకటశేషకవులను పేర జంటకవులుగ బ్రసిద్ధులు. ఇట్టివారు పెరిగిన చోట బ్రశంస కొక కట్టుబాటు గలదు. అవధానసభయందు ప్రశంసయు బరీక్షయు నొక్కచోటనే పుట్టును. పృచ్ఛకుడు సమస్య నిచ్చును. నిషిద్ధాక్షరి యిచ్చువా డడుగడుగున కడ్డుతగులును. పద్యము నిలిచినదో లేదో సభలోనివా రప్పుడే విందురు. గణము తప్పినను, ధారణ తప్పినను నచ్చటనే బయటపడును. మెచ్చినవాడు తన చెవితో విని మెచ్చినవాడే.

నవలకిట్టి సభ లేదు. దాని నొక్కొక్కరు తమతమ యిండ్లలో, దినములతరబడి, మౌనముగ జదువవలెను. కావున ప్రశంస ముందు నడచును, పరీక్ష వెనుక వచ్చును. పెక్కుమా ఱసలే రాదు. నవలను మెచ్చినవానిని "ఏ ఘట్టము మెచ్చితి?" వని యడుగువాడు లేకపోవుటచే, చదివినవాని మెప్పును జదువనివాని మెప్పును లోకమున నొక్కవెలకే చెల్లుచున్నవి. పద్యపరీక్షయందు నిపుణులగు పండితులు నవల యెదుట రెండు విధముల బొరపడ వీలున్నది. పద్యమునకు దగిన కొలతతోనే నవలను గొలిచి వర్ణనలు లేవని, పదగుంఫనము లేదని దానిని ద్రోసివేయుట యొకటి. తమ కలవాటు లేని రచనయని సంకోచించి, ఇతరుల మాటనే ప్రమాణముగ గొనుట రెండవది. ఈ రెండును దప్పించుకొనుటకు మార్గము లేకపోలేదు. శివతాండవకర్తయై ప్రొద్దుటూరున జిరకాలము వసించిన పుట్టపర్తి నారాయణాచార్యులుగారు విశ్వనాథ సత్యనారాయణగారి ఏకవీర నవలను మలయాళభాషలోనికి బరివర్తించిరి. అనువాదకుడు ప్రతివాక్యమును దూచి మఱొక భాషలో నిలుపవలసినవాడు. అది నవలకు జరుగదగిన యవధానపరీక్ష వంటిది. అంత నిశితముగ జదివినవాని మెప్పునకు విలువ యెక్కువ, వాని విముఖతకును విలువ యెక్కువ.

తెలుగునవలకును ఐర్లండునకును సంబంధము మొదటినుండియు గలదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారి రాజశేఖరచరిత్రము 1878 లో వివేకవర్ధనియందు వెలువడినది. దానియందు ఆలివరు గోల్డుస్మిత్తు 1766 లో బ్రకటించిన వికారు ఆఫ్ వేకుఫీల్డు నవల ఛాయ గలదు. ఆ గోల్డుస్మిత్తు ఐర్లండున బుట్టి లండనున గీర్తి గడించినవాడు. రాజశేఖరచరిత్రమునకు 1887 లో ఫార్చ్యూన్సు వీల్ అను పేర నాంగ్లానువాదమును లండనున వెలువడెను. స్వదేశమునను విదేశమునను మన్నన గాంచిన యీ గ్రంథముపై కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు వివేకచంద్రికావిమర్శనమను పేర విపులమైన ఖండనమును రచించిరి. తెలుగున నవలావిమర్శకు దొలిగ్రంథముగ దానిని జెప్పుట వాడుక. అనగా దెలుగున నవలావిమర్శ పుట్టినదే ప్రశస్తనవలయెడ గలిగిన యసమ్మతి నుండి యన్నమాట. పంతులుగారు సంఘసంస్కర్తలు, శాస్త్రిగారు సనాతనపక్షమువారు. కావున నట్టి విమర్శను జదువునప్పుడు గ్రంథదోషముచేత బుట్టిన యసమ్మతి యెంత, గ్రంథకర్త యాశయములతోడి భేదముచేత బుట్టిన దెంత యని విడదీసికొనవలసియుండును. ఈ జాగ్రత్త ప్రశంసకును వర్తించును. సంస్కరణపక్షమువారు మెచ్చినదంతయు గళను జూచియే మెచ్చినదని చెప్పరాదు.

ఈ గ్రంథచరిత్రయందే మఱొక విషయము గలదు. రాజశేఖరచరిత్రమునకు "తొలినవల" యను ప్రశస్తి చాలకాలము చెల్లెను. అయితే 1872 లోనే నరహరి గోపాలకృష్ణమసెట్టిగారి శ్రీరంగరాజచరిత్రము వెలువడియుండుటచే నేది మొదటిదను వాదము పుట్టెను. వాద మెట్లున్నను "తొలి" యనుట కాలమునుగూర్చిన మాట, రసమునుగూర్చిన మాట గాదు. విద్యార్థి యా మాటను విని, యిది మిక్కిలి మనోహరమై యుండునని యెంచి చదివి నిరాశుడైనచో దప్పు గ్రంథకర్తది గాదు, ప్రశంసను విన్న తెఱగుది. ఇట్లు చూడగా బ్రశంస మూడు తెఱగులుగ దేలుచున్నది. గ్రంథమునకు జరిత్రలో గల స్థానమునుబట్టి చేయునది స్థానప్రశంస. అది చేపట్టిన విషయముయొక్క గౌరవమునుబట్టి చేయునది విషయప్రశంస. కథాసంవిధానము, పాత్రపోషణము, వాక్యనిర్మాణము మొదలగువానిని బట్టి చేయునది కళాప్రశంస. ఒకదానిని మఱొకదానిగ బొరబడుటయే యాశాభంగములలో బెక్కింటికి మూలము.

ఐర్లండు నవలల చరిత్రలో నీ మూడును స్పష్టముగ గాననగును. జేమ్సు జాయిసు రచించిన యులిసీసు 1922 లో బారిసునగరమున బ్రకటితమయ్యెను. టి. ఎస్. ఎలియటు 1923 లో దానినిగూర్చి వ్రాయుచు, పురాణకథను సమకాలికజీవితమునకు సమాంతరముగ నడపు నా పద్ధతి శాస్త్రావిష్కరణమంత ముఖ్యమైనదని కొనియాడెను. అది ప్రధానముగ బద్ధతినిగూర్చిన మెప్పు. 1922 లోనే దానిని జదివిన వర్జీనియా వుల్ఫు, మొదటి రెండు మూడు ప్రకరణములు తన్ను రంజింపజేసినవనియు, పిదప విసుగు పుట్టినదనియు దన దినచర్యలో వ్రాసికొనెను. విశేష మేమనగా, ఆ గ్రంథముపై వెలువడిన తెలివిగల సమీక్ష నొకదానిని జదివిన పిమ్మట, అది తాను దలచినదానికంటె ఘనమైనదిగ దోచుచున్నదని యామెయే యంగీకరించెను. ఆమె తన విసుగును దాచలేదు, దానినే తుదితీర్పుగను జేయలేదు. తత్త్వాభినివేశి నడవడి యిట్లుండును. చాలకాలమునకు 2004 లో ఐర్లండు నవలాకారుడే యగు రాడీ డాయిలు, యులిసీసునకు మంచి సంపాదకు డుండిన బాగుండెడిదనియు, దాని నుత్తమగ్రంథముల పట్టికల కెక్కించువా రందఱును నిజముగ జలించినవారేనా యనియు బహిరంగముగ బ్రశ్నించెను. స్థానప్రశంసయు గళాప్రశంసయు నొకటే యని లోకము పొరబడుచున్నదనుటయే యా ప్రశ్నలోని సారము.

నేటి ఐర్లండు నవలలకు గీర్తి తెచ్చిన ప్రధానసాధనములలో బుకరు బహుమాన మొకటి. డాయిలు 1993 లోను, జాన్ బాన్‌విల్ 2005 లోను, ఆన్ ఎన్‌రైటు 2007 లోను, ఆనా బర్న్సు 2018 లోను, పాల్ లించి 2023 లోను దానిని బడసిరి. బహుమాన మన నొక చిన్న సభయొక్క నిర్ణయము. 2005 లో బాన్‌విల్ రచించిన ది సీ యను నవలకును, కజువో ఇషిగురో రచించిన నవలకును నడుమ న్యాయనిర్ణేతలు చీలిపోగా, అధ్యక్షుని మతముచేత మొదటిది గెలిచెను. గెలుపు ప్రకటింపబడిన తోడనే వాదప్రతివాదములును జెలరేగెను. ఒక్క మత మటు మొగ్గినచో లోకమంతయు మఱొక గ్రంథమును గొని చదివియుండును. కావున "బహుమానము పొందిన నవల నాకు రుచింపలేదే" యని చదువరి సిగ్గుపడ బనిలేదు. నిర్ణేతలలోనే కొందఱి కది రుచింపలేదు.

పాల్ లించి నవల ప్రాఫెట్ సాంగ్ ఐర్లండు నిరంకుశపాలనలోనికి జాఱిపోయినట్లు కల్పించి, యొక తల్లి తన కుటుంబమును నిలుపుకొనుటకు బడు బాధను జిత్రించును. దానికి లభించిన మెప్పులో దేశభ్రష్టులగు శరణార్థుల దుఃఖమును బాశ్చాత్యుల గడపలోనికి దెచ్చెనను విషయప్రశంస గొప్పపాలు. పేరాల విభజనము లేక సాగు నా రచనారీతి కొందఱికి భయసంకులమైన యూపిరివలె దోచగా, కొందఱికి భారమై తోచెను. విషయమునకు జలించియు రీతికి విసుగుచెందిన చదువరి, తన మనసులో బుట్టిన రెండు భావములను రెండుగనే చెప్పవలెను. ఒకదానిచేత నొకదానిని గప్పిపుచ్చుట తగదు. దీనికి భిన్నముగ క్లేర్ కీగన్ 2021 లో బ్రకటించిన స్మాల్ థింగ్సు లైక్ దీస్ మిక్కిలి చిన్నగ్రంథము. 1985 నాటి యొక చిన్నపట్టణమున బొగ్గువ్యాపారి యొకడు క్రైస్తవసన్యాసినుల మఠమున బాలికలు పడుచున్న దుస్థితిని గనుగొనుట యందలి కథ. పెద్దకథ నాశించినవాని కది ముగియకముందే ముగిసినట్లు తోచును. ధ్వనిమార్గము నెఱిగిన పండితునకో, చెప్పక విడిచిన దానియందే దాని బలమున్నదని తెలియును.

ఆశాభంగమునకు మఱొక హేతువు చెవి. ఆనా బర్న్సు బెల్‌ఫాస్టున బుట్టినది. ఆమె మిల్క్‌మ్యాన్ నవలలో బాత్రలకు బేర్లు లేవు. కథ చెప్పు కన్యక "మధ్యచెల్లెలు". తక్కినవారు "మొదటిబావ", "మూడవబావ" యిత్యాదులు. ఇది వట్టి వింతపోకడయని విసిగినవారు గలరు. కడపజిల్లా పల్లెలో జేజి, అబ్బ, పెద్దనాయన, చిన్నాయన యని వరుసలతోనే జీవితమంతయు గడపి, పెద్దల పేర్ల నుచ్చరింపని చదువరికి మాత్ర మిందులో వింత యేమియు దోపదు. మఱియు నా కల్లోలదినములలో మనుష్యుని పేరే యతడే పక్షమువాడో బయటపెట్టునదగుటచే, పేరు చెప్పకుండుట భయమునకును జిహ్న మగుచున్నది. ఈ రెంటిని గ్రహించిన పిమ్మట నవల యింకను దీర్ఘమని తోచిన దోపవచ్చును గాని, నిర్హేతుకమని తోపదు.

భాషావిషయమునను నిట్లే. కడపసీమ పలుకుబడితో వ్రాసిన కేతు విశ్వనాథరెడ్డిగారి కథలకు 1996 లో గేంద్రసాహిత్య అకాడమి పురస్కారము లభించెను. పులివెందుల చదువరి కా మాటలలో దన యింటి చావడియే వినవచ్చును. దూరమందలి చదువరి మొదట నా పలుకుబడిని నేర్వవలెను. తెలుగువారిలోనే యింత భేద ముండగా, బెల్‌ఫాస్టు పలుకుబడిలోని హాస్యము ప్రొద్దుటూరున నొక్కసారి చదివినంతనే చెవికెక్కవలెననుట యత్యాశ. అట్లని ప్రాంతీయభాష ప్రతిదోషమునకు దెరగాదు. చెవి కలవాటైన పిమ్మటను వాక్యము నిలువనిచో నది వాక్యదోషమే.

ఇట్టి వివేకమునకు గడపమండలమున బ్రత్యక్షోదాహరణమైనవారు రాచమల్లు రామచంద్రారెడ్డిగారు (1922 - 1988). రా.రా. యను పేర బ్రసిద్ధులైన వీరు పులివెందుల తాలూకా పైడిపాలెమున జన్మించిరి. 1968 లో గడపనుండి సంవేదన యను త్రైమాసికపత్రికను వెలువరించిరి. అప్పటికి 1965, 1966, 1968 సంవత్సరములలో మూడు సంపుటములు ప్రకటించి లోకమును గలవరపెట్టిన దిగంబరకవుల కీర్తి మిన్నుముట్టుచుండెను. రా.రా. మార్క్సీయదృష్టి గలవారు. సమాజమును మార్పవలెనను కవులయెడ వారి కాశయవైరము లేదు. అయినను బ్రచండమగు పలుకులు గాఢమగు ననుభూతికి బదులు కాజాలవని వారు దిగంబరకవిత్వమును నిష్కర్షగ విమర్శించిరి. సాహిత్యము చదువరి హృదయమును సంస్కరింపవలెననుట వారి మూలసిద్ధాంతము. ఆ కొలతకు నిలువని గ్రంథము తమ పక్షమువారిదైనను విడిచిపెట్టలేదు. బ్రహ్మయ్యశాస్త్రిగారి యసమ్మతి యెదుటిపక్షపు గ్రంథముపై, రా.రా. యసమ్మతి స్వపక్షపు గ్రంథములపై. స్వపక్షమున బ్రశంస గాంచినదానియెడ నసంతృప్తిని వెలిబుచ్చుటకు నెక్కువ ధైర్యము గావలెను. అందుచేతనే దానికి సాక్ష్యబలమును నెక్కువ.

రా.రా. మాస్కోనగరమున బ్రగతి ప్రచురణాలయమున ననువాదకులై పనిచేసిరి. ఆ యనుభవమునుండి పుట్టిన యనువాదసమస్యలు గ్రంథమునకు 1988 లో గేంద్రసాహిత్య అకాడమి పురస్కారము లభించెను. జగత్ప్రసిద్ధమగు నవలను దెలుగున జదివి "దీనికా యింత పేరు?" అని నిట్టూర్చువాడు పెక్కుమారులు మూలకర్తను గాక యనువాదకుని జదివియుండును. మూలమందలి నుడికారమును మాటకు మాటగ దించినచో దెలుగువాక్యము జీవము గోలుపోవును. అర్థము నిలిచినను స్వరము నిలువదు. పరభాషానవలనుగూర్చి యాశాభంగమును బ్రకటించువాడు తాను జదివినది మూలమా, యనువాదమా, యెవరి యనువాదము అని ముందుగ జెప్పవలెననుట దీనివలన దేలుచున్నది.

ఇంతవఱకు జూపినదానివలన బరీక్షాక్రమ మేర్పడుచున్నది. మొదట, ప్రశంస యే తెఱగుదో నిర్ణయింపవలెను: స్థానమునకా, విషయమునకా, కళకా? రెండవది, మెచ్చినవారు గ్రంథమున నే ఘట్టమును జూపి మెచ్చిరో వెదకవలెను. ఘట్టమును జూపని మెప్పు సతృణాభ్యవహారము. మూడవది, తన యుత్సాహ మే పుటయొద్ద జల్లారెనో యా పుటకు మరలి వెళ్లి, మఱల జదువవలెను. నాల్గవది, అలవాటులేని రీతియో, వినని పలుకుబడియో, యనువాదలోపమో యడ్డు నిలిచినదేమో చూడవలెను. అయిదవది, తాను మెచ్చిన మఱొక నవలయందు దత్సమానమైన ఘట్టముతో బోల్చి చూపవలెను. ఈ యైదును గడచియు మిగిలిన యసంతృప్తియే గ్రంథదోషమునకు సాక్ష్యము. దానిని మొగమోటము లేక చెప్పవచ్చును, చెప్పవలెను.

ఈ విచారము పండితుల వినోదమునకై మాత్రమే యని తలపరాదు. పాఠశాలలో నుపాధ్యాయు డొక నవలను "ఉత్తమోత్తమ" మని పరిచయము చేయును. బాలుడు చదివి, రుచింపక, పరీక్షలో నుత్తమోత్తమ మని వ్రాసి మార్కులు గొనును. ఆ క్షణమున నతడు నేర్చుకొనినది సాహిత్యము గాదు, తన చెవిని నమ్మకుండుట. ఇట్లు పది గ్రంథములు గడచినచో సహృదయు డగుటకు బదులు పరప్రశంసలను వల్లించువా డగును. దీనికి మాఱుగ "బహుమానము లన్నియు బూటకము" లని యుపాధ్యాయుడు తేలికగ ద్రోసివేసినచో, బాలుడు కష్టమైన ప్రతిగ్రంథమును దెఱవకయే మూయుట నేర్చును. మొదటివానికి సతృణాభ్యవహారము, రెండవవానికి స్వభావారోచకము సంక్రమించును. రెంటను నష్టపడునది యా బాలుని రుచియే.

కావున దరగతిలో నొక చిన్న సభ నేర్పఱచుట మేలు. అవధానమున బృచ్ఛకులవలె విద్యార్థులు కూర్చుండి, ప్రశస్తనవలలోని యొక్క ఘట్టమును బెద్దగ జదివి, మెచ్చినవా డెందుకు మెచ్చెనో, మెచ్చనివా డెందుకు మెచ్చలేదో యా ఘట్టమందలి వాక్యములను జూపియే చెప్పవలెను. నవలకు లేని సభ యీ విధముగ నేర్పడును. పెన్నాతీరమున బద్యమునకు బండితులు నిలిపిన కట్టుబాటును నవలకును నిలుపుట యసాధ్యము గాదు. అప్పుడు ప్రశంసకు వెలయుండును, ఆశాభంగమునకును వెలయుండును. రెండును జదివినవాని నోటనే వినబడును.